పని ఇచ్చేవాడు డబ్బు అడగడు: ఫోన్‌లో వచ్చే ఉద్యోగాల గురించి ఇంటిల్లిపాదికీ ఒక మాట



ఈసారి ఆకు గురించి, రోగాల గురించి కాకుండా ఫోన్ గురించి రాస్తున్నాం. కారణం ఉంది. కొన్ని రోజుల కిందట మన గ్రూపులోకే ఒక మెసేజ్ వచ్చింది. "ఇంట్లో కూర్చునే పని. రోజుకు రెండు గంటలు చాలు. నెలకు 30,000 రూపాయలు. చదువుతో పని లేదు. ఆసక్తి ఉన్నవాళ్ళు ఈ లింకు నొక్కండి" అని. పెట్టినవాడి నంబరు +62తో మొదలైంది. అది ఇండోనేషియా కోడ్. మన గ్రూపు లింకు ఎక్కడో దొరికి చేరినట్టున్నాడు. మేము చూసి తీసేసేలోపే ముగ్గురు "వివరాలు పంపండి" అని జవాబు పెట్టేశారు.

ఆ ముగ్గురినీ తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. పని కావాలని అడగడం తప్పు కాదు. తిరుత్తణి, పళ్ళిపట్టు, తిరువళ్ళూరు చుట్టుపక్కల మన ఇళ్ళల్లో పిల్లలు డిగ్రీలు, డిప్లొమాలు చేసి కూర్చున్నారు. కొందరు పొద్దున్నే రైలెక్కి మద్రాసు వైపు పోతున్నారు, కొందరు శ్రీపెరంబుదూరు కంపెనీల బస్సులెక్కుతున్నారు. ఇంటి దగ్గరే ఏదైనా దొరికితే బాగుండునని అందరికీ ఉంటుంది. మోసగాడికి కావాల్సింది ఆ ఆశే.

మన ఇళ్ళకు ఇంకో సంగతి కూడా ఉంది. మనకు డబ్బు రోజూ రాదు. పంట దిగి, గూళ్ళు మార్కెట్‌కు పోయాక ఒక్కసారిగా ఖాతాలో పడుతుంది. ఆ డబ్బులోంచే చాకీ పురుగులకు, ఎరువుకు, కూలికి, చీటీకి కట్టాలి. ఆ ఖాతాకు కట్టిన ఫోన్‌పే, గూగుల్‌పే చాలా ఇళ్ళల్లో పిల్లల చేతిలోనే ఉంటుంది. నాయన షెడ్డులో ఆకు వేస్తుంటాడు, పిన్ నంబరు మాత్రం కొడుక్కో కూతురికో తెలుసు. అది మంచిదే, వాళ్ళు మనకన్నా చురుగ్గా చేస్తారు. కానీ నెల రోజుల కష్టం మొత్తం ఆ నాలుగు అంకెలో ఆరు అంకెలో ఉన్న పిన్ వెనకాలే ఉందన్న సంగతి ఇంట్లో అందరికీ గుర్తుండాలి.

మొదట డబ్బు వాడే పంపుతాడు

ఈ మోసం ఎలా నడుస్తుందో వరసగా చెప్తాం. ఒక్కసారి తెలిస్తే మళ్ళీ ఎక్కడ చూసినా గుర్తుపట్టొచ్చు.

వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. ఒక వీడియోకు లైక్ కొట్టాలి, లేదంటే గూగుల్ మ్యాప్‌లో ఏదో హోటల్‌కు ఐదు నక్షత్రాలు ఇవ్వాలి. ఒక్కోదానికి 50 రూపాయలంటాడు. మూడు లైకులు కొడితే నిజంగానే 150 రూపాయలు ఖాతాలో పడతాయి. ఇక్కడే మనసు మెత్తబడుతుంది. "మోసగాడైతే డబ్బు ఎందుకు పంపుతాడు?" అనుకుంటాం.

తర్వాత టెలిగ్రామ్ గ్రూపులో చేరమంటారు. అక్కడ వందమందికి పైనే ఉంటారు. "నాకు ఈరోజు 4,000 వచ్చింది", "నాకు 9,000 వచ్చింది" అని ఫొటోలు పెడుతుంటారు. ఆ గ్రూపులో నిజమైన మనిషి చాలాసార్లు మనం ఒక్కరమే. మిగతావాళ్ళంతా వాళ్ళ మనుషులే.

అప్పుడు "ప్రీపెయిడ్ టాస్క్" అంటారు. ముందు మనం 1,000 కట్టాలి, టాస్క్ చేస్తే 1,300 వెనక్కి వస్తుంది. వస్తుంది కూడా. ఆ తర్వాత 5,000. ఆ తర్వాత 12,000. ఇప్పుడు డబ్బు ఖాతాలోకి రాదు, వాళ్ళ వెబ్‌సైట్‌లో మన పేరు మీద అంకెగా మాత్రం పెరుగుతుంటుంది. తీసుకుందామంటే "ఇది మూడు టాస్కుల సెట్, మూడూ పూర్తి చేస్తేనే" అంటారు. పూర్తి చేస్తే "మీరు తప్పు బటన్ నొక్కారు, మీ వల్ల గ్రూపులో అందరి డబ్బూ ఆగిపోయింది" అంటారు. ఆనక "పన్ను కట్టాలి" అంటారు. పాత డబ్బు కోసం కొత్త డబ్బు కట్టుకుంటూ పోతాం. మన దగ్గర ఇక లేదని వాళ్ళకు తెలిసిన రోజు బ్లాక్ చేస్తారు.

12,000 అంటే ఎంతో మన లెక్కలో చూద్దాం. గూళ్ళు కిలో 600 పలికాయనుకుంటే 20 కిలోలు. 20 కిలోల గూళ్ళ కోసం ఎన్ని మోపుల ఆకు కోశామో, నాలుగో జ్వరం లేచాక ఎన్ని రాత్రులు షెడ్డులో మేలుకున్నామో మీకే తెలుసు. అది ఒక్క వేలి నొక్కుతో పోతుంది.

హైదరాబాద్‌లో బయటపడిన లెక్క

ఇది ఎక్కడో ఒకరిద్దరికి జరిగేది కాదు. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు ఇలాంటి ఒక ముఠాను పట్టుకున్నారు. చిక్కడపల్లికి చెందిన ఒకాయన 28 లక్షలు పోగొట్టుకుని ఫిర్యాదు చేస్తే తీగ లాగారు, డొంకంతా కదిలింది. ఆయనకు టెలిగ్రామ్‌లో వచ్చిన పని కూడా ఇదే, రేటింగులు ఇవ్వడం. మొదట 1,000 పెడితే 866 లాభం వచ్చింది. తర్వాత 25,000 పెడితే 20,000 లాభం చూపించారు. ఆ లాభం మాత్రం చేతికి ఇవ్వలేదు. అక్కడినుంచి 28 లక్షల దాకా లాక్కుపోయారు.

అప్పటి హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సి.వి. ఆనంద్ చెప్పిన వివరాల ప్రకారం మొత్తం మోసం 712 కోట్ల రూపాయలు. బాధితులు దేశం మొత్తం మీద 15,000 మంది దాకా. లెక్క వేస్తే తలా నాలుగున్నర లక్షలకు పైనే. తొమ్మిది మందిని అరెస్టు చేశారు. డబ్బు ఉత్తుత్తి కంపెనీల ఖాతాల గుండా తిరిగి దేశం దాటిపోయిందని, వెనక ఉన్నవాళ్ళు చైనాలో ఉన్నారని పోలీసులు చెప్పారు. అదే ఏడాది డిసెంబర్‌లో కేంద్ర హోం శాఖ ఇలాంటి పార్ట్‌టైమ్ ఉద్యోగాల, పెట్టుబడుల మోసాలు చేసే వెబ్‌సైట్లు వందకు పైగా మూయించింది. మూసినా కొత్తవి పుడుతూనే ఉన్నాయి.

మన ఊజీ ఈగను తలుచుకుంటే ఇది బాగా అర్థమవుతుంది. ఈగ పురుగు మీద గుడ్డు పెట్టి పోతుంది. గుడ్డులోంచి వచ్చింది లోపలికి దూరుతుంది. పైకి చిన్న నల్ల మచ్చ తప్ప ఏమీ కనపడదు. పట్టుపురుగు మామూలుగానే మేత తింటుంటుంది, గూడు కూడా కడుతుంది. ఆ తర్వాత బెజ్జం పెట్టుకుని అది బయటికొస్తుంది. ఆ గూడు దారానికి పనికిరాదు. మనం లోపలికి దూరిన దాని కోసం మందు వెతుక్కుంటూ కూర్చోం. కిటికీలకు, వాకిలికి వల కడతాం. మొదట వచ్చే ఆ 150 రూపాయలే నల్ల మచ్చ. వల కట్టాల్సింది అంతకు ముందే.

తెలుగులో మాట్లాడాడు కదా అని నమ్మితే

మన ప్రాంతం వాళ్ళకు దీంట్లో ఇంకో ప్రమాదం ఉంది. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి, పళ్ళిపట్టు చిత్తూరు జిల్లాలో ఉండేవి. ఆ రోజు నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చాం. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో తమిళం, కాగితాల మీద ఇంగ్లీషు. అందుకే ఫోన్‌లో అవతలి మనిషి చక్కగా తెలుగులో "అన్నా, బాగున్నారా" అంటే మనకు ప్రాణం లేచొస్తుంది. మనవాడే అనుకుంటాం.

2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన సంగతి వింటే ఆ నమ్మకం గురించి ఒకసారి ఆలోచించాల్సి వస్తుంది. విశాఖ వైపు కుర్రవాళ్ళకు విదేశంలో డేటా ఎంట్రీ ఉద్యోగం అని ఏజెంట్లు చెప్పారు. లక్షన్నర దాకా వసూలు చేశారు. తీరా పోయింది కంబోడియాకు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, మన దేశంలో ఉన్నవాళ్ళకే ఫోన్లు చేసి, మెసేజ్‌లు పెట్టి మోసం చేయమని బలవంతపెట్టారు. చేయకపోతే కొట్టడం, తిండి మానిపించడం. 2024 మే 20న సిహనౌక్‌విల్ అనే ఊళ్ళో దాదాపు 300 మంది భారతీయులు వాళ్ళ మీద తిరగబడ్డారు. తర్వాత మన రాయబార కార్యాలయం సాయంతో కొందరు విడతలుగా ఇంటికి చేరారు.

అంటే మనకు తెలుగులో మెసేజ్ పెట్టిన పిల్లవాడు తనే ఒక దొంగ ఉద్యోగానికి మోసపోయి అక్కడ చిక్కుకున్నవాడు కావచ్చు. భాషను బట్టి మనిషిని నమ్మడానికి లేదు. మన పిల్లలు ఆ రెండు కొసల్లో ఎక్కడ ఇరుక్కున్నా మనకు నష్టమే.

విదేశీ ఉద్యోగమని ఎవరైనా వస్తే, ఆ ఏజెంటుకు కేంద్ర విదేశాంగ శాఖ ఇచ్చిన లైసెన్సు నంబరు అడగండి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఆ నంబరు ఉందో లేదో ఎవరైనా చూడొచ్చు. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా తన సేవకు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. "టూరిస్టు వీసా మీద పో, అక్కడికెళ్ళాక మారుస్తాం" అన్నాడంటే అక్కడే లేచి రండి.

వేషాలు వేరు, మనిషి ఒకడే

లైకుల పనే కాకుండా ఇంకా కొన్ని రకాలు తిరుగుతున్నాయి.

కంపెనీ ఉద్యోగం: పెద్ద కంపెనీ పేరు, ముద్ర ఉన్న లెటర్ వాట్సాప్‌లో వస్తుంది. రిజిస్ట్రేషన్‌కు 500, యూనిఫాంకు 2,000, మెడికల్‌కు ఇంకో 3,000 ఫోన్‌పే చేయమంటారు. నిజమైన కంపెనీ ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు తీసుకోదు.

టైపింగ్ పని: ఫారాలు నింపితే జీతం అంటారు. ముందు ఆన్‌లైన్‌లో ఒప్పందం మీద సంతకం చేయిస్తారు. వారం రోజులు రాత్రింబగళ్ళు టైప్ చేశాక "తప్పులు ఎక్కువున్నాయి, ఒప్పందం ప్రకారం మీరే మాకు కట్టాలి" అని లాయర్ నోటీసు పేరుతో ఒక కాగితం పంపి బెదిరిస్తారు. వాట్సాప్‌లో వచ్చిన ఆ కాగితానికి భయపడి ఒక్క రూపాయి కట్టొద్దు. పోలీసులకు చూపించండి.

ఖాతా అద్దె: ఇది అన్నిటికన్నా ప్రమాదం. "మీ ఖాతాలో డబ్బు పడుతుంది, మేము చెప్పిన చోటికి పంపండి, కమీషన్ మీది" అంటారు. కొందరు ఏటీఎం కార్డు, సిమ్ కూడా అడుగుతారు. ఆ పడే డబ్బు ఇంకొకరి దగ్గర దోచుకున్నది. పోలీసులు డబ్బు జాడ పట్టుకుని వచ్చినప్పుడు మొదట దొరికేది మన పేరు, మన ఆధార్. ఖాతా ఆపేస్తారు, కేసు మన మీదకు వస్తుంది. అదే ఖాతాలో గూళ్ళ డబ్బు ఉంటే అదీ ఇరుక్కుంటుంది.

డబ్బు తిరిగి తెప్పిస్తాం అనేవాళ్ళు: ఒకసారి మోసపోయినవాళ్ళకు కొన్నాళ్ళకు ఫోన్ వస్తుంది. సైబర్ ఆఫీసు నుంచి అనో, లాయర్‌మనో చెప్తారు. ఫీజు కడితే పోయిన డబ్బు వస్తుందంటారు. వాళ్ళు కూడా ఆ ముఠా మనుషులే, లేదంటే వాళ్ళ దగ్గర మన నంబరు కొనుక్కున్నవాళ్ళు.

మనం కట్టుకోవాల్సిన వల

పెద్ద చదువు అక్కర్లేదు. ఈ ఐదు మాటలు ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోండి.

1. పని ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు అడిగితే అది పని కాదు. ఫీజు, డిపాజిట్, పన్ను, టాస్క్, ఏ పేరు పెట్టినా అంతే. పది రూపాయలైనా అంతే.

2. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే. "డబ్బు పంపిస్తున్నాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే ఫోన్ పెట్టేయండి.

3. పంపే ముందు తెర మీద కనపడే పేరు చదవండి. కంపెనీ పేరు ఒకటి చెప్పి, డబ్బు పోయే పేరు ఇంకెవరిదో ఉంటే ఆగిపోండి. ఈ మోసాల్లో ఒక్కోసారి ఒక్కో పేరు, ఒక్కో ఐడీ ఇస్తారు.

4. దరఖాస్తు ఫారం అని చెప్పి ఏపీకే ఫైల్ పంపితే తెరవొద్దు. మన ఫోన్ తెర అవతలివాళ్ళకు కనపడేలా చేసే యాప్ ఏదీ వేసుకోవద్దు.

5. గూళ్ళ డబ్బు పడే ఖాతాను యూపీఐకి కట్టకుండా ఉంచుకుంటే మేలు. ఖర్చులకు వేరే చిన్న ఖాతా పెట్టుకుని, వారానికి కావాల్సినంత అందులో వేసుకోండి. పోతే ఆ చిన్నదే పోతుంది.

నిజంగా పని వెతుక్కునే పిల్లలకు దారులు లేకపోలేదు. తమిళనాడు ప్రభుత్వం నడిపే ప్రైవేటు ఉద్యోగాల పోర్టల్ ఉంది. కేంద్రం నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ ఉంది. రెండింట్లోనూ పేరు నమోదుకు డబ్బు లేదు. జిల్లా ఉపాధి కార్యాలయం వాళ్ళు పెట్టే ఉద్యోగ మేళాలకు కూడా ప్రవేశం ఉచితమే. ఫోన్‌లో వచ్చిన కంపెనీ పేరు నిజమో కాదో తెలియాలంటే, మెసేజ్‌లో ఉన్న నంబరుకు కాకుండా ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి.

పోయిందని తెలిసిన నిమిషంలోనే

డబ్బు పోతే మొదట చేయాల్సింది 1930కి ఫోన్. దేశం మొత్తానికీ ఇదే నంబరు. తర్వాత కేంద్రం సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. పిల్లలు చేయగలరు, లేకపోతే ఈ-సేవ కేంద్రంలో అడగండి. తమిళనాడులో జిల్లాకొక సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ ఉంది, నేరుగా పోయి చెప్పొచ్చు. "మీ ఇల్లు ఇటు, బ్యాంకు నగరి వైపు, మా పరిధి కాదు" అని ఎవరైనా అంటే, 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చని చెప్పండి.

ఫోన్ చేసేటప్పుడు ఇవి చేతిలో ఉంచుకోండి: ఏ బ్యాంకు, ఎంత మొత్తం, ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ యూపీఐ ఐడీకి పోయింది, లావాదేవీ కింద ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు. చాటింగ్ తుడిచేయొద్దు, గ్రూపులోంచి కోపంతో బయటికి రావొద్దు. ముందు అన్నిటికీ ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఇంత తొందర ఎందుకంటే, మన డబ్బు మొదటి ఖాతాలో కూర్చోదు. నిమిషాల్లో రెండో ఖాతాకు, మూడో ఖాతాకు పోతుంది. 1930కి చెప్తే ఆ దారిలో ఎక్కడ దొరికితే అక్కడ బ్యాంకు దాన్ని ఆపుతుంది. ఆపిన డబ్బు తర్వాత మనకు తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. ఏటీఎంలో తీసేసుకున్నాక, దేశం దాటాక తేవడం చాలా కష్టం. మనమే పిన్ కొట్టి పంపాం కాబట్టి బ్యాంకు తన డబ్బు ఇస్తుందని కూడా అనుకోవద్దు. మనకు ఉన్న ఆసరా వేగం ఒక్కటే.

ఇంట్లో పెద్దవాళ్ళకు

ఆ వేగాన్ని చంపేది భయం. పిల్లలకు మోసపోయామని తెలిసిన నిమిషం నుంచి, నాయనకు చెప్పే నిమిషం దాకా రోజులు గడిచిపోతాయి. ఆ మధ్యలో ఎవరికీ తెలియకుండా పూడ్చుకుందామని లోన్ యాప్‌లో అప్పు తీసి అదే ముఠాకు కడతారు. 5,000 పోయిన చోట 50,000 అవుతుంది. కొన్ని ఇళ్ళల్లో ఇంకా పెద్ద అనర్థాలకే దారితీసింది.

కాబట్టి పెద్దవాళ్ళకు మా విన్నపం ఒక్కటే. ఈరోజు రాత్రి అన్నాలప్పుడు పిల్లలతో ఈ మాట అనండి: "ఎప్పుడైనా ఇట్లాంటిదాంట్లో ఇరుక్కుంటే, ఎంత పోయినా సరే, మొదట నాకే చెప్పు. నేను తిట్టను. ఇద్దరం కలిసి 1930కి ఫోన్ చేద్దాం." అన్నమాట మీద నిలబడండి. పంట పోయినప్పుడు పురుగుల మీద కోప్పడం కదా, రోగం ఎక్కడినుంచి వచ్చిందో చూసి షెడ్డు కడుక్కుంటాం, మళ్ళీ చాకీ తెచ్చుకుంటాం. పిల్లల దగ్గరా అంతే.

పిల్లలకు కూడా ఒక మాట. మీరు చదువుకున్నవాళ్ళు, తెలివితక్కువవాళ్ళు కాదు. హైదరాబాద్‌లో మోసపోయినవాళ్ళూ చదువుకున్నవాళ్ళే. మెసేజ్ వచ్చినప్పుడు ఒంటరిగా తేల్చుకోవద్దు. నొక్కే ముందు ఇంట్లో ఒకరికి చూపించండి.

మన గ్రూపులో ఇకమీదట ఉద్యోగాల లింకులు ఎవరు పెట్టినా, తెలిసినవాళ్ళు పెట్టినా, మేము అడిగి తెలుసుకునే దాకా తీసేస్తాం. ఎవరూ నొచ్చుకోవద్దు. మీకు అలాంటి మెసేజ్ వస్తే జవాబివ్వకుండా ఫొటో తీసి మాకు పంపండి. సంచార్ సాథీలో ఉండే చక్షు అనే చోట కూడా ఆ నంబరు మీద ఫిర్యాదు చేయొచ్చు. మీ పేరు బయటపెట్టకుండా గ్రూపులో అందరికీ చెప్తాం, ఇంకో ఇల్లు నిలబడుతుంది.

చదవడం రాని పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఇది చదివి వినిపించండి. మిగతా ఏది మరిచిపోయినా రెండు గుర్తుంచుకుంటే చాలు. పని ఇచ్చేవాడు డబ్బు అడగడు. పోతే 1930.

వచ్చే సంచికలో మళ్ళీ షెడ్డు సంగతులతో కలుద్దాం.